ఒకే మందు, నాలుగు దారులు

మతిభ్రమణను అణచే ఔషధాలు మెదడులో చేసే పని ఏమిటి? మేలు చేసిన చేతితోనే అవి బాధను కూడా ఎందుకు పెడతాయి?

ఇరవయ్యో శతాబ్దపు మధ్యకాలం వరకు ప్రపంచంలో ఏ పిచ్చాసుపత్రిలో అడుగుపెట్టినా కనిపించే దృశ్యం ఇంచుమించు ఒక్కటే. ఎత్తైన ప్రహరీ గోడలు, ఇనుప చువ్వల కిటికీలు, వాటి వెనుక కేకలు, రోదనలు, కంటికి కనిపించని వారితో వాదులాడే మనుషులు. వైద్యుని చేతిలో ఉన్న సాధనాలు బహు కొద్ది. ఇన్సులిన్ ఎక్కించి రోగికి స్మృతి తప్పించేవారు. విద్యుత్తుతో మూర్ఛ తెప్పించేవారు. మెదడు ముందుభాగంలోని నాడీతంతువులను కోసివేసే శస్త్రచికిత్సను ప్రవేశపెట్టినందుకు పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్‌కు 1949లో నోబెల్ బహుమతి కూడా లభించింది. వైద్యశాస్త్రం ఎంత నిస్సహాయంగా ఉండేదో చెప్పడానికి ఆ బహుమతి ఒక్కటే చాలు.

ఆ తరువాత మూడేళ్ళకే పరిస్థితి మారింది. దానికి కారణమైన మందును పిచ్చి కోసమని ఎవరూ తయారుచేయలేదు.

ఫ్రాన్సులోని రోన్ పూలెంక్ ఔషధ సంస్థలో పాల్ షార్పాంటియే అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1950 డిసెంబరులో క్లోర్‌ప్రోమజీన్ అనే పదార్థాన్ని తయారుచేశాడు. అది ఎలర్జీని తగ్గించే మందుల కుటుంబానికి చెందినది. హెన్రీ లాబొరీ అనే శస్త్రవైద్యుడు, ఆపరేషను సమయంలో రోగి శరీరానికి తగిలే దెబ్బను తగ్గించవచ్చునేమోనని దానిని వాడి చూశాడు. రోగులు నిద్రపోలేదు, స్పృహలోనే ఉన్నారు, కాని తమకు జరుగుతున్నదానిని ఏమీ పట్టనట్టు చూస్తూ ఉండిపోయారు. ఈ ఉదాసీనతను గమనించిన లాబొరీ, ఈ మందు మనోవ్యాధులకు పనికిరావచ్చునని సూచించాడు. 1952లో పారిస్‌లోని సేంత్ ఆన్ ఆసుపత్రిలో జాన్ డిలే, పియర్ డెనికర్ అనే వైద్యులు తీవ్రమైన ఉద్రేకంలో ఉన్న రోగులకు దీనిని ఇచ్చి చూశారు. కొద్దిరోజులలో వార్డులో అరుపులు తగ్గాయి. కొన్ని వారాలు గడిచేసరికి కొందరు రోగులు వైద్యునితో కుదురుగా కూర్చుని మాట్లాడసాగారు.

అమెరికా ప్రభుత్వ మానసిక చికిత్సాలయాలలో 1955లో సుమారు 5,59,000 మంది ఉండేవారు. ఆ ఏడాది నుంచి ఆ సంఖ్య తగ్గుముఖం పట్టింది. దానికి ప్రభుత్వ విధానాలూ కారణమే గాని, ఈ మందు రాకపోతే ఆ తలుపులు తెరుచుకునేవి కావు.

అయితే మరొక సంగతిని కూడా ఆ వైద్యులు తొలినాళ్ళలోనే గమనించారు. కేకలు మానిన రోగి నడక బిగుసుకుపోయేది. ముఖంలో కదలిక తగ్గేది. చేతులు వణికేవి. ఈ బిగువు కనిపిస్తేనే మందు పని చేస్తున్నట్టు లెక్క అని నమ్మిన వైద్యులు కూడా ఆ రోజుల్లో ఉండేవారు. మేలూ కీడూ విడదీయరానివని వారు అనుకున్నారు. ఆ అనుకోవడంలో సగం నిజముంది. ఆ సగం నిజమే ఈ మందుల కథ అంతా.

సర్పగంధ చెప్పిన రహస్యం

ఇదే కాలంలో మరొక మందు భారతదేశం నుంచి బయలుదేరింది. సర్పగంధ వేరును ఉన్మాదానికీ నిద్రలేమికీ వాడడం ఈ దేశంలో అనాదిగా ఉన్నదే. బీహారు ప్రాంతంలో దానిని ‘పాగల్ కీ దవా’ అనే పిలిచేవారు. కలకత్తాకు చెందిన గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ 1931లో ఒక వైద్య పత్రికలో ఈ వేరు ఉన్మాదాన్నీ రక్తపు పోటునూ తగ్గిస్తుందని ప్రకటించారు. అదే సంవత్సరంలో ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ ఆ వేరులోని రసాయనాలను వేరుచేసి, ఒకదానికి హకీం అజ్మల్ ఖాన్ పేరిట అజ్మలీన్ అని పేరు పెట్టాడు. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ వైద్య పత్రికలో రాసిన వ్యాసంతో పాశ్చాత్యుల దృష్టి దీనిపై పడింది. 1952లో స్విట్జర్లాండులోని సీబా సంస్థ శాస్త్రజ్ఞులు ఆ వేరు నుంచి రిసర్పిన్‌ను వేరుచేశారు. కొద్దికాలం పాటు అది క్లోర్‌ప్రోమజీన్‌తో సమానంగా ఆసుపత్రులలో చెలామణి అయింది. రక్తపు పోటు మరీ పడిపోవడం, కొందరిలో దిగులు కలగడం గమనించాక వెనుకబడిపోయింది.

మందుగా వెనుకబడినా, పరిశోధనకు రిసర్పిన్ తాళంచెవి అయింది. స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ దానిని కుందేళ్ళకు ఇచ్చినప్పుడు అవి కదలకుండా పడి ఉండిపోయాయి. ఎల్-డోపా అనే పదార్థాన్ని ఎక్కించగానే లేచి తిరిగాయి. శరీరంలో ఎల్-డోపా డోపమైన్‌గా మారుతుంది. మెదడులో డోపమైన్ స్వయంగా వార్తను మోసే దూత అని 1957లో జరిగిన ఈ ప్రయోగం లోకానికి తెలియజెప్పింది. ఈ కృషికే కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

నాడీకణానికీ నాడీకణానికీ మధ్య సన్నని ఖాళీ ఉంటుంది. ఒక కణం విడుదల చేసిన డోపమైన్ ఆ ఖాళీని దాటి, అవతలి కణంపై ఉన్న గ్రాహకంలో తాళంలోకి తాళంచెవి దూరినట్టు దూరుతుంది. రిసర్పిన్ గాదెనే ఖాళీ చేస్తుంది. అంటే డోపమైన్ నిల్వలు లేకుండా చేస్తుంది. క్లోర్‌ప్రోమజీన్ గాదె జోలికి పోదు. అవతలి కణంపై ఉన్న తాళపు రంధ్రాన్ని మూసివేస్తుంది. మందు గ్రాహకాన్ని అడ్డుకుంటుందని కార్ల్‌సన్ 1963లో ఊహించాడు. కెనడాలో ఫిలిప్ సీమన్, అమెరికాలో సాలమన్ స్నైడర్ బృందాలు 1975, 1976 సంవత్సరాలలో దానిని రుజువు చేశాయి. డి-2 అని పిలిచే గ్రాహకాన్ని ఏ మందు ఎంత గట్టిగా పట్టుకుంటుందో, ఆ మందు అంత తక్కువ మోతాదులో పని చేస్తుందని వారు చూపించారు.

నమ్మకం చెరగదు, పట్టు సడలుతుంది

ఇంతకూ డోపమైన్‌కూ భ్రాంతులకూ సంబంధమేమిటి? మన చుట్టూ క్షణక్షణం జరిగే వేల విషయాలలో ఏది పట్టించుకోదగినదో మెదడుకు తెలిపే ముద్ర డోపమైన్ అని చెప్పవచ్చు. ఆ ముద్ర అస్తవ్యస్తంగా పడితే దారిన పోయే లారీ నంబరు, ఎదురింటివారి నవ్వు, రేడియోలో వినవచ్చిన ఒక మాట అన్నీ తనను ఉద్దేశించినవే అనిపిస్తాయి. ఇంతటి అర్థం ఎక్కడి నుంచి వచ్చిందని వెదికే మనసు, దానికొక కథను అల్లుకుంటుంది. ఆ కథే భ్రాంతి. భారతదేశంలో వైద్యవిద్య అభ్యసించిన మనోవైద్యుడు శితిజ్ కపూర్ 2003లో ఈ సిద్ధాంతాన్ని విపులంగా ప్రతిపాదించాడు.

మందు ఆ కథను చెరిపివేయదు. కొత్త ముద్రలు పడకుండా ఆపుతుంది. పాతవాటి పట్టును సడలిస్తుంది. చికిత్స పొందుతున్న వ్యక్తిని “ఎదురింటివారు ఇంకా మీపై కుట్ర పన్నుతున్నారా?” అని అడిగితే, “పన్నుతూ ఉండవచ్చు. కాని ఇప్పుడు దాని గురించి అంతగా ఆలోచించడం లేదు” అన్న తీరులో జవాబు రావడం మనోవైద్యులకు పరిచితమే. మిగిలిన పని కాలమూ, అయినవారి ఆదరణా, ఓర్పుతో సాగే సంభాషణా చేయాలి. స్కిజోఫ్రీనియా వంటి వ్యాధికి డోపమైన్ ఒక్కటే మూలమని కూడా అనుకోరాదు. మందు తాకగలిగిన ద్వారం అది, అంతే.

దారులు నాలుగు

చిక్కంతా ఇక్కడే ఉంది. డోపమైన్ మెదడులో ముఖ్యంగా నాలుగు దారులలో ప్రయాణిస్తుంది. భ్రాంతులకు సంబంధించినది వాటిలో ఒక్కటే. కాని నోటితో మింగిన మాత్రకు ఆ తేడా తెలియదు. అది నాలుగు దారులలోనూ తాళాలు మూస్తుంది.

మొదటిది ఉద్వేగాలకు నెలవైన లోపలి భాగానికి పోయే దారి. అక్కడ మూస్తే అరుపులూ అనుమానాలూ తగ్గుతాయి. కోరుకున్న మేలు అదే.

రెండవది నుదుటి వెనుక ఉన్న ఆలోచనా స్థానానికి పోతుంది. ఈ వ్యాధిలో అక్కడ డోపమైన్ ముందే తక్కువగా ఉంటుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అక్కడా మూస్తే ఉత్సాహం, చొరవ మరింత సన్నగిల్లవచ్చు. వ్యాధి వల్ల వచ్చిన మందకొడితనమూ, మందు వల్ల వచ్చిన మందకొడితనమూ చూడడానికి ఒక్కలాగే ఉంటాయి. ఇంట్లోవారు ఆ రెండింటినీ గుర్తించక, “తిని కూర్చుంటున్నాడు, ఒళ్ళు వంచడు” అని నిందిస్తారు.

మూడవది శరీర చలనాలను అదుపుచేసే కేంద్రానికి పోతుంది. పార్కిన్సన్ వ్యాధిలో ఎండిపోయేది ఈ దారే. అందుకనే ఇక్కడ తాళాలు మూస్తే వణుకు, బిగువు, చిన్న చిన్న అడుగుల నడక కనిపిస్తాయి. కొందరు యువకులలో, ముఖ్యంగా మందు మొదలుపెట్టిన తొలిరోజులలో, మెడ ఒక పక్కకు మెలితిరిగిపోవడం, కనుగుడ్లు పైకి నిలిచిపోవడం జరుగుతుంది. చూసినవారు గాలి సోకిందని భయపడి భూతవైద్యుని వద్దకు పరుగెత్తే అవకాశముంది. కాని ఆసుపత్రిలో ఒక్క సూదిమందుతో కొద్ది నిమిషాలలో అది సర్దుకుంటుంది. మరికొందరిలో ఒకచోట కూర్చోలేనితనం కలుగుతుంది. కాళ్ళు ఆడిస్తూ, లేచి తిరుగుతూ, లోలోపల దహించుకుపోతున్నట్టు ఉంటుంది. దీనిని వ్యాధి ముదరడంగా పొరబడి మోతాదు పెంచితే, అగ్నిలో ఆజ్యం పోసినట్టే.

నాలుగవది పీయూష గ్రంథికి పోయే దారి. అక్కడ డోపమైన్ చేసే పని ప్రోలాక్టిన్ అనే హార్మోన్‌ను అదుపులో ఉంచడం. ఆ అదుపు తప్పితే స్త్రీలలో ఋతుక్రమం ఆగిపోవడం, బాలింత కాకపోయినా పాలు రావడం, స్త్రీపురుషులిద్దరిలోనూ దాంపత్యేచ్ఛ సన్నగిల్లడం సంభవిస్తాయి. సిగ్గువల్ల ఎవరూ పైకి చెప్పుకోరు. చెప్పకుండానే మందు మానేస్తారు.

మోతాదుకున్న ప్రాముఖ్యం దీనినిబట్టి అర్థమవుతుంది. కపూర్ బృందం 2000లో ప్రకటించిన పరిశోధనలో, హాలోపెరిడాల్ వాడుతున్నవారి మెదడును చిత్రాలు తీసి చూశారు. డి-2 గ్రాహకాలలో సుమారు 65 శాతం మూసుకున్నప్పుడు మేలు కనబడే అవకాశం పెరిగింది. 72 శాతం దాటితే ప్రోలాక్టిన్ పెరిగింది. 78 శాతం దాటితే కండరాల బిగువు మొదలైంది. అంటే మేలుకూ కీడుకూ మధ్య ఉన్న గట్టు చాలా సన్ననిది. ఎక్కువ మందు అంటే ఎక్కువ మేలు కాదు.

ఒకరికి ప్రాణదాత, మరొకరికి ప్రాణాంతకం

గట్టు దాటకుండా మేలు పొందే మార్గం ఉన్నదని మొదట చూపినది క్లోజపీన్. స్విట్జర్లాండులో పుట్టిన ఈ మందు భ్రాంతులను తగ్గిస్తూనే చేతులూ కాళ్ళూ బిగుసుకుపోనివ్వలేదు. కాని 1975లో ఫిన్లాండులో దీనిని వాడిన కొందరిలో తెల్ల రక్తకణాలు హఠాత్తుగా పడిపోయి, అంటువ్యాధులు సోకి 8 మంది మరణించారు. అనేక దేశాలలో మందును వెనక్కి తీసుకున్నారు.

దాని ప్రయోజనాన్ని వైద్యులు మరిచిపోలేదు. ఇతర మందులేవీ పని చేయని 268 మంది రోగులపై అమెరికాలో జరిపిన పరీక్ష ఫలితాలు 1988లో వెలువడ్డాయి. ఆరు వారాలలో క్లోజపీన్ పుచ్చుకున్నవారిలో 30 శాతం మంది మెరుగుపడగా, క్లోర్‌ప్రోమజీన్ పుచ్చుకున్నవారిలో మెరుగుపడినది 4 శాతమే. క్రమం తప్పకుండా రక్తపరీక్ష చేయించాలన్న షరతుతో మందు తిరిగి వచ్చింది. నేటికీ మొండి వ్యాధికి దానిని మించినది లేదు. మొదటి నెలలలో వారం వారం రక్తం ఇవ్వడం విసుగనిపించవచ్చు; ఆ విసుగే ప్రాణరక్ష. జ్వరమో గొంతునొప్పో వస్తే వెంటనే వైద్యునికి చూపించాలి. దీనివల్ల కలిగే తీవ్రమైన మలబద్ధకం కూడా ప్రాణం మీదికి తేగలదు. బీడీ, చుట్ట కాల్చే అలవాటున్నవారు ఉన్నట్టుండి మానేస్తే రక్తంలో ఈ మందు పాలు పెరుగుతుంది. కనుక ఆ సంగతి కూడా వైద్యునికి తెలియాలి.

క్లోజపీన్ బాటలో 1990ల నుంచి రిస్పెరిడోన్, ఒలాంజపీన్, క్విటియాపీన్, తరువాత అరిపిప్రజోల్ వచ్చాయి. వీటిని కొత్త తరం మందులన్నారు. బిగువు, వణుకు తగ్గిన మాట నిజమే. కాని మాత్ర తాకేది డోపమైన్ తాళాలను మాత్రమే కాదు. హిస్టమైన్ గ్రాహకాలను మూస్తే మత్తు, ఆకలి పెరుగుతాయి. ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాలను మూస్తే నోరు ఎండుతుంది, మలబద్ధకం కలుగుతుంది. రక్తనాళాల మీది గ్రాహకాలను మూస్తే లేచి నిలుచోగానే కళ్ళు తిరుగుతాయి. క్లోజపీన్, ఒలాంజపీన్‌లతో బరువు పెరగడం, మధుమేహం రావడం ఎక్కువ. అరిపిప్రజోల్‌తో అది తక్కువ; కూర్చోలేనితనం మాత్రం రావచ్చు. అమెరికాలో సుమారు 1,500 మందిపై జరిగి 2005లో వెలువడిన పరిశీలనలో, 18 నెలలు తిరగకముందే 74 శాతం మంది తమకిచ్చిన మందును మానుకోవడమో మార్చుకోవడమో జరిగింది. పర్ఫినజీన్ అనే పాతతరం మందు, కొత్తవాటిలో చాలావాటికి దీటుగా నిలిచింది.

ఏళ్ళ తరబడి వాడినవారిలో కనిపించే మరో బాధ నోరు, నాలుక, దవడలు తమంతట తామే కదులుతూ ఉండడం. పాత మందులతో ఇది ఎక్కువ. మందు ఆపినా కొందరిలో పోదు. దీనికి ప్రత్యేకించిన ఔషధాలకు, వాల్బెనజీన్‌కూ డ్యూటెట్రాబెనజీన్‌కూ, అమెరికాలో 2017లో అనుమతి లభించింది. విశేషమేమంటే, రిసర్పిన్ గాదెను ఖాళీ చేసేది ఏ ద్వారాన్ని అడ్డగించో, ఇవి అడ్డగించేదీ ఆ కుటుంబంలోనిదే. సర్పగంధ చూపిన దారి అరవై ఏళ్ళ తరువాత మళ్ళీ అక్కరకు వచ్చింది.

మానవచ్చునా?

ఇన్ని బాధలున్నప్పుడు మందు మానేస్తే పోదా అన్న ప్రశ్న సహజం. 65 పరీక్షల ఫలితాలను కలిపి 2012లో లెక్కకట్టగా, ఏడాదిలోగా వ్యాధి తిరగబెట్టినది మందు కొనసాగించినవారిలో 27 శాతం మందికి, ఆపినవారిలో 64 శాతం మందికి. ఫిన్లాండులో 62,000 మందికి పైగా రోగులను ఇరవై ఏళ్ళపాటు పరిశీలించి 2020లో ప్రకటించిన నివేదికలో, మందు వాడుతున్న కాలంలోకంటె వాడని కాలంలోనే మరణాలు ఎక్కువగా నమోదయ్యాయి.

మరి జీవితాంతం అదే మోతాదు వాడాలా? నెదర్లాండ్సులో తొలిసారి వ్యాధి సోకిన 103 మందిని ఏడేళ్ళపాటు గమనించి 2013లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, మొదట్లో మోతాదు తగ్గించే మార్గంలో ఉన్నవారిలో 40 శాతం మంది, యథాతథంగా కొనసాగించినవారిలో 18 శాతం మంది తిరిగి పూర్తిగా జీవితంలో నిలదొక్కుకున్నారు. కాని 2023లో వెలువడిన బ్రిటిష్ పరీక్షలో, చాలాకాలంగా వ్యాధి ఉన్నవారికి నెమ్మదిగా మోతాదు తగ్గించి చూస్తే రెండేళ్ళలో జీవనసరళి ఏమీ మెరుగుపడలేదు. ఆసుపత్రిలో చేరవలసినంత తీవ్రంగా తిరగబెట్టడం మాత్రం పెరిగింది. అందరికీ ఒకే సూత్రం లేదని ఈ రెండూ కలిసి చెబుతున్నాయి. తగ్గించడమంటూ జరిగితే అది వైద్యుని కనుసన్నలలో, మెల్లమెల్లగా జరగాలి. ఒకనాడు సీసా విసిరికొట్టి మానేయడం అన్నిటికంటె ప్రమాదకరం.

చెప్పుకొనే హక్కు

తమిళనాడులోని ఎర్వాడిలో 2001 ఆగస్టు 6న ఒక ఆశ్రయంలో నిప్పంటుకున్నప్పుడు, గొలుసులతో కట్టివేసి ఉన్న 28 మంది మానసిక రోగులు తప్పించుకునే వీలులేక దగ్ధమయ్యారు. మందు అందని చోట గొలుసే వైద్యమవుతుంది. ఈ మందుల బాధలను గురించి చెప్పేటప్పుడు ఆ గొలుసులను మరవరాదు.

అయితే గొలుసు లేదు గదా అని బాధను దిగమింగుకొమ్మనడమూ న్యాయం కాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగులను గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. దానితోపాటు తనకిచ్చే చికిత్స ఏమిటో, దానివల్ల రాగల దుష్ఫలితాలేమిటో తెలుసుకొనే హక్కును రోగికి ఇచ్చింది. ఈ రెండవ హక్కు సంగతి చాలా కుటుంబాలకు తెలియదు.

ఇంట్లోవారు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మందు మొదలుపెట్టేముందే బరువు, నడుము కొలత, రక్తంలో చక్కెర చూపించి, తరువాత కూడా వైద్యుడు చెప్పిన గడువులలో చూపిస్తూ ఉండాలి. వణుకు, బిగువు, కాలు నిలవకపోవడం, నెలసరి తప్పడం వంటివి తేదీలతో రాసిపెట్టుకొని వైద్యునికి చూపాలి. తీవ్రమైన జ్వరంతో పాటు కండరాలు కొయ్యబారి, తెలివి తప్పుతున్నట్టుంటే అది అరుదైనా ప్రాణాంతకమైన స్థితి. గంటలు లెక్కపెట్టకుండా ఆసుపత్రికి చేర్చాలి. రోజూ మాత్రలు మింగడం కష్టమైనవారికి రెండు వారాలకో నెలకో ఒకసారి ఇచ్చే సూదిమందులు ఉన్నాయి. ఎవరిని అడగాలో తెలియనివారికి ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో తెలుగులో కూడా అందుతున్నది.

2024 సెప్టెంబరులో అమెరికాలో ఒక కొత్త మందుకు అనుమతి లభించింది. జానోమెలీన్, ట్రోస్పియం అనే రెండు పదార్థాల కలయిక అది. క్లోర్‌ప్రోమజీన్ వచ్చిన ఏడు దశాబ్దాల తరువాత, డోపమైన్ తాళాన్ని మూయకుండా వేరొక గ్రాహకం ద్వారా స్కిజోఫ్రీనియాపై పని చేసే మొదటి ఔషధమిది. వికారం, వాంతులు, మలబద్ధకం వంటి బాధలు దానికీ ఉన్నాయి. అది ఎంతవరకు నిలుస్తుందో కాలం తేల్చాలి.

అంతవరకు ఉన్న మందులతోనే సర్దుకోవాలి. త్రాసులో ఒక తట్టలో ఆగిపోయిన అరుపులు, తిరిగి వచ్చిన నిద్ర, మళ్ళీ కుదిరిన మాటామంతీ. రెండవ తట్టలో పెరిగిన బరువు, బిగిసిన నడక, మొద్దుబారిన మనసు. ఏ వైపు ఎంత మొగ్గుతున్నదో వైద్యుడు బయటి నుంచి అంచనా కట్టగలడు, కుటుంబం పక్క నుంచి చూడగలదు. లోపలి నుంచి తెలిసినది మాత్రం ఆ మాత్రను మింగుతున్న మనిషికే. తూకం వేసే ప్రతిసారీ అతని మాట కూడా అడిగి తెలుసుకోవాలి.